వంతెన మీద గాడిద

గాడిద ముందుకాలు గోరంత జరిపి, ఊపిరి బిగబట్టి ఫోను నొక్కింది ఆమె. ఫొటో పడింది. ఇప్పుడు వెనుకకాలు. టైలరు దుకాణంలో పనికి వెళ్ళేలోగా ఆ మట్టిగాడిద అట్టముక్కల వంతెన మీద ఇంకాస్త నడవాలి.

కిటికీకి పాత దుప్పటి కట్టి, వంటింటి బల్ల మీద, టేబుల్ దీపం వెలుగులో ఒక్కో ఫొటో కలుపుతూ ఆమె తీస్తున్న బొమ్మల సినిమా చాలా కాలంగా ఇలాగే సాగుతోంది. భర్త లారీతో ఊళ్ళు తిరుగుతుంటాడు. ప్రేక్షకుడల్లా గుమ్మం పక్కన మంచం మీదున్న మామగారే. గుండెజబ్బు మనిషి. డాక్టరు మందులు మార్చడం కూడా మానేశాడు.

"అమ్మాయ్, నేనుండగా అది అవతలి గట్టు ఎక్కుతుందా?"

"ఇవాళే ఎక్కిస్తాను మామయ్యా. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను."

"అదేంటే, అంత బక్కచిక్కిపోయింది? నీతోపాటు చాకిరీ చేస్తోందా ఏం?"

ఆమె నవ్వి, పాత ఫొటోలు వెనక్కి జరిపి చూసింది. నవ్వు ఆగిపోయింది. ఇవతలి గట్టున కుండలా ఉన్న పొట్ట, వంతెన మధ్యకొచ్చేసరికి వీపుకి అంటుకుపోయింది.

దొంగ ఇంట్లోనే ఉంది. కొత్త ఊహ వచ్చినప్పుడల్లా, మరిచిపోతానేమోనని చేతికందిన మట్టి గిల్లి బొమ్మ చేసి అలమర అంచున పెట్టేది. పిల్లల పుస్తకానికి గొడుగుమనిషి. పాటకి గుడ్లగూబ. తర్వాతి సినిమాకి పడవ. అన్నీ గాడిద పొట్టలోంచే వచ్చాయి. నలుపూ తెలుపూ కలిపి తనే పిసికిన బూడిదరంగు అది. మళ్ళీ పిసికితే అదే రంగు కుదరదు.

"పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి. వాటన్నిటినీ మళ్ళీ దీని పొట్టలోకే పంపిస్తాను. వంతెన మధ్య నుంచి మళ్ళీ తీస్తాను," అంది.

"పడవొక్కటీ ఉండనీవే. జన్మలో పడవెక్కలేదు నేను."

"ముందు గాడిద. తర్వాతే పడవ."

ఆయన మూతి ముడుచుకుని గోడవైపు తిరిగాడు.

దుకాణంలో ఆమె పని బట్టలు సరిచేయడం. పొట్ట పెరిగినవాళ్ళ నడుములు వదులు చేయడం, పిల్లలు ఎదిగితే అంచులు దించడం. ఆ పూట ఒక పాత కోటు జేబు తిరగేస్తుంటే, రెండు జేబులు మాట్లాడుకుంటున్నట్టు కొత్త ఊహ తోచింది. వేళ్ళు మట్టి కోసం వెతుక్కున్నాయి.

"ఏంటమ్మా, సూది పట్టుకుని తపస్సులోకి వెళ్ళావ్?" అన్నాడు టైలరు.

"ఏం లేదన్నా. ఒకరొచ్చారు. కూర్చోమన్నాను."

టైలరు గుమ్మంవైపు చూసి, తల గోక్కున్నాడు.

ఇంటికి నడుస్తూ దేవుడి గురించి ఆలోచించింది. ఆయన చేసేదీ మట్టిపనే అంటారు. ఒకరిని చేస్తుండగా మరొకరు తోస్తే, ఆయన కూడా ఇలాగే గిల్లుతాడా? మామయ్య గుండెకు తక్కువైంది ఎవరి కోసం గిల్లాడో? తప్పు అనుకుని లెంపలు వేసుకుంది. ప్రశ్న మాత్రం వెంటే వచ్చింది.

ఇంట్లో అడుగుపెట్టగానే పనిలో పడింది. గొడుగుమనిషి గాడిద పొట్టలోకి కరిగిపోయాడు. గుడ్లగూబ కరిగిపోయింది. పడవ మాత్రం కనపడలేదు. బల్ల కిందా, అలమర వెనకా వెతికింది. మామగారు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. పొద్దు వాలుతోంది. ఉన్న మట్టి చాలక ఒక చెవి గిల్లి పొట్ట నింపితే, ఆ చెవి మొండిగా మిగిలింది. మిగిలితే మిగిలింది. దీపం వేసింది. కాలు జరిపింది, నొక్కింది, జరిపింది. జేబులు రెండూ మాటిమాటికీ పిలిచాయి. తల ఎత్తలేదు.

దీపాల వేళ దాటాక ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది. గాడిద వంతెన దాటి, గట్టెక్కి, వెనక్కి తిరిగి చూసింది.

"ఎక్కేసిందే!" అన్నాడాయన. మళ్ళీ వేయించుకుని చూశాడు. "ఆ చెవేమైంది?"

"మట్టి చాల్లేదు మామయ్యా. పడవ ఎటుపోయిందో ఏమో."

"పోనీలే. ఒంటిచెవి గాడిదకి తిట్లు సగమే వినపడతాయి," అని కుడిచేయి దుప్పట్లోకి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి టీ గ్లాసు పట్టుకొచ్చి పిలిస్తే పలకలేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఆమె గ్లాసు కింద పెట్టి, చాలాసేపు ఆయన పాదాల దగ్గర కూర్చుంది. తర్వాత దుప్పటి తీసి, బిగుసుకున్న వేళ్ళను మెల్లగా విప్పింది.

భర్త వచ్చాడు. జరగవలసినవన్నీ జరిగాయి. ఖాళీ అయిన అలమర అంచున ఇప్పుడు ఒక్కటే ఉంది. అరచేతి వేడికి కాస్త వంగిపోయిన బూడిదరంగు పడవ. మనిషి కూర్చోవలసిన చోట, లోతుగా, ఆయన బొటనవేలి ముద్ర.