మొదటి ఫోటో మచ్చదే

నేను అమ్మే ప్రతి పాత వస్తువుకీ మొదటి ఫోటో దాని లోపానిదే. పింగాణీ జగ్గు అయితే అంచున లేచిపోయిన పెచ్చు. టేబుల్ ల్యాంపు అయితే వైరుకి చుట్టిన టేపు. కుర్చీ అయితే ముందు కుర్చీ కనపడదు, వెనక కాలి మీద చీలిక కనపడుతుంది. అది చూసి కూడా ముందుకొచ్చిన వాళ్ళకే మిగతా ఫోటోలు.

"కొట్టు తలుపు తియ్యగానే ఎదురుగా చెత్తబుట్ట పెట్టుకున్నట్టుంది నీ వ్యాపారం" అంటుంది అక్క.

పార్సిళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చే అతను నాకు మచ్చల మేడమ్ అని పేరు పెట్టాడు. వీధి మలుపు తిరగకముందే, "మచ్చల మేడమ్, రెడీయేనా?" అని అరుస్తాడు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం అలవాటైంది. మనిషికి ఒక పేరు రావడమంటే ఇదేనేమో అనిపించేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ అలా పిలవలేదు.

ఉద్యోగం ఫోటో స్టూడియోలో. నా పని టచింగ్. కస్టమర్ల మొహాల మీద మొటిమలు, గాట్లు, కళ్ళ కింద నలుపు, అన్నీ తీసేసేదాన్ని. మొదట సన్నని కుంచెతో, తర్వాత కంప్యూటర్‌తో. అందులో నన్ను మించినవాళ్ళు లేరనేవాడు ఓనరు. అన్నేళ్ళ పనిలో నాకొకటి తెలిసొచ్చింది. మచ్చ తీసేసిన మొహం అందంగానే ఉంటుంది గానీ అది ఎవరిదైనా కావచ్చు. అది ఫలానా వాళ్ళదని చెప్పేది ఆ మచ్చే. స్టూడియో మూతపడ్డాక, ఎవరి మొహం వాళ్ళే ఫోన్‌లో దిద్దుకునే రోజులొచ్చాక, నేను ఉల్టాగా మొదలుపెట్టాను.

ఇల్లు అక్కది. నేను వచ్చి చేరినదాన్ని. వెనక గది పాత సామానుతో, అట్టపెట్టెలతో నిండిపోతుంటే అక్క ఒక షరతు పెట్టింది.

"ఏడాది చూస్తానే. ఇది పనో, పొద్దుపోక చేసేదో తేలిపోవాలి. పనైతే గది నీది. కాకపోతే గది ఖాళీ చేసి ఇవ్వు, అద్దెకిచ్చుకుంటాను."

"ఎలా తేలుతుంది?"

"అది నువ్వే చెప్పు."

చెప్పాను. నేను అమ్మే వెబ్‌సైటులో, ఏడాదంతా ఒక్క ఫిర్యాదు కూడా లేకపోతే పేరు పక్కన చిన్న పచ్చ గుర్తు ఇస్తారు. నమ్మకస్తులు అని దానర్థం. ఆ గుర్తు వస్తే పని, రాకపోతే కాదు. అక్క ఒప్పుకుంది. ఆమె ఆస్పత్రిలో ఆపరేషన్ సామాను శుభ్రం చేసే విభాగంలో పనిచేసి రిటైరైంది. అక్కడ కూడా శుభ్రమైందన్న గుర్తు పడితేనే సామాను ట్రే బయటికి వెళ్ళేదట. అందుకని పచ్చ గుర్తు మీద ఆమెకి గౌరవం.

ఏడాది దగ్గరపడుతుండగా గోడ గడియారం అమ్ముడైంది.

చెక్క పెట్టె, ముందు అద్దం తలుపు, లోపల ఇత్తడి లోలకం. మొదటి ఫోటో లోలకం బిళ్ళదే. ఇత్తడి అంతా మాసిపోయి ఉంది, దాని మీద ఒకచోట బొటనవేలంత మేర ఇంకా నల్లగా, నున్నగా ఉంది. గడియారం ఆగినప్పుడల్లా ఎవరో అక్కడే వేలు పెట్టి ఊపి ఉంటారు. ఒక మనిషి కాదు, ఒక ఇల్లంతా. "బిళ్ళ మాసింది, వేలి మరక ఉంది" అని రాసి పెట్టాను. గడియారాల పిచ్చి ఉన్న ఒక పెద్దాయన, దూరపు ఊరు, వెంటనే కొనేశాడు.

లోలకం గడియారాన్ని అలాగే పెట్టెలో పెట్టి పంపితే దారిలో లోలకం లోపల గంట వాయించుకుంటూ పోయి అద్దం పగలగొడుతుంది. అందుకని ముందు లోలకం విప్పి తీసెయ్యాలి. దాన్ని విడిగా చుట్టాలి. తాళంచెవిని కవర్లో పెట్టి పెట్టె లోపలి గోడకి అతికించాలి. అద్దం మీద అడ్డంగా, నిలువుగా కాగితం టేపు వెయ్యాలి. పగిలినా ముక్కలు చెల్లాచెదురు కావు. ఖాళీ ఉన్న ప్రతి చోటా మెత్తటి కాగితం కూరాలి. చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని పెద్ద పెట్టెలో పెట్టాలి. రెంటి మధ్యా అన్ని వైపులా రెండు వేళ్ళ మందాన మెత్తదనం ఉండాలి. ఆఖర్న పట్టుకుని ఊపాలి. ఏ చప్పుడూ రాకూడదు.

"మీ డబ్బాలు మూగవి మేడమ్" అంటాడు పార్సిలతను. "మిగతావాళ్ళవి దారంతా కబుర్లు చెబుతాయి. మీవి ఎంత ఊపినా కిమ్మనవు."

ఆ రోజు లోలకం విప్పి బల్ల మీద పెట్టాను. పెద్ద అట్టపెట్టె సరిపోలేదు. మందుల దుకాణానికి వెళ్ళి, రద్దీ తగ్గేదాకా నిలబడి ఇంకోటి అడిగి తెచ్చుకున్నాను. తిరిగి వచ్చేసరికి లోలకం మెత్తటి గుడ్డలో చుట్టి, దారంతో కట్టి, పొందిగ్గా ఉంది. పక్కన అక్క నిలబడి ఉంది.

"ఊరికే కూర్చున్నాను కదా అని చుట్టి పెట్టానే" అంది, కిటికీ వైపు చూస్తూ.

ఏడాదిలో ఆమె నా గదిలో వస్తువు ముట్టుకోవడం అదే మొదటిసారి. కడుపు నిండిపోయింది. ఏ పొట్లమైనా పెట్టెలో పెట్టేముందు విప్పి చూసేదాన్ని, ఆ పొట్లం మాత్రం విప్పలేదు. ఆ ముడి విప్పితే ఆమె సాయాన్ని అనుమానించినట్టవుతుందనిపించింది. అలాగే పెట్టేశాను.

వారం తర్వాత పెద్దాయన దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది.

"నాకు వచ్చింది ఫోటోలోని గడియారం కాదు. దాని లోలకం తళతళ మెరుస్తోంది. ఇది ఎవరింట్లోదైనా కావచ్చు. నేను ఆ వేలి గుర్తు చూసి కొన్నాను."

కింద ఆయన తీసిన ఫోటో ఉంది. బిళ్ళ సూర్యుడిలా ఉంది.

ఫోన్ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. అక్క గిన్నెలు తుడుస్తోంది.

"గడియారం లోలకాన్ని ఏమైనా చేశావా?"

"చూశావా, ఎంత బాగొచ్చిందో!" అక్క మొహం వెలిగిపోయింది. "ఇటుకపొడి పెట్టలేదు, గీతలు పడతాయని. నిమ్మరసం, ఉప్పు. ఆ నల్లమరక ఒకంతట వదిలితేనా! చెయ్యి నెప్పెట్టింది. ఆయన మెచ్చుకున్నాడా?"

నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఆమె చేతులనే చూస్తూ ఉండిపోయాను. ఒక్క మరక మిగిలినా ఎవరి ప్రాణమో పోతుందని అన్నేళ్ళు కడిగిన చేతులు. అవి ఆ బిళ్ళని ఇంకెలా చూస్తాయి? నేను మొహాల మీద చేసిన పనే ఆమె ఇత్తడి మీద చేసింది. అంత శ్రద్ధగానూ చేసింది.

"ఆ, చూశాడు" అని మాత్రం అన్నాను.

గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. గెలవడం చాలా తేలిక. చెక్క పెట్టె అడుగున పురుగు తొలిచిన చిన్న బెజ్జం, డయల్ మీద పెచ్చు ఊడిన చోటు, ఆయన ఫోటోలోనూ నా ఫోటోలోనూ ఒక్కలాగే ఉన్నాయి. అవి పక్కపక్కన పెట్టి పంపితే అదే గడియారమని వెబ్‌సైటు వాళ్ళు చిటికెలో తేల్చేస్తారు. ఫిర్యాదు కొట్టేస్తారు. పచ్చ గుర్తు వస్తుంది. గది నాది.

ఫోటోలు పక్కపక్కన పెట్టాను కూడా. పంపబోతూ ఆగాను.

అదే గడియారమన్నది నిజమే. కానీ నేను అమ్మింది అది కాదు. మచ్చ ఉందని చెప్పి అమ్మాను, మచ్చ లేనిది పంపాను. దాచిపెట్టిన లోపమే మోసమనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. చూపించిన లోపాన్ని తీసేసినా అంతేనని నాకు తట్టలేదు. ఆ పెద్దాయన అబద్ధమాడటం లేదు. నేను గెలిస్తే ఆయన అబద్ధాలకోరవుతాడు. నా పేరు పక్కన పచ్చ గుర్తు ఉంటుంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు మాత్రం ఆ తళతళలాడే బిళ్ళ కనపడుతుంది.

ఇలా రాశాను: "గడియారం అదే. కానీ ఫోటో తీశాక లోలకాన్ని తోమాము. చెప్పకుండా పంపాము. తప్పు మాది. తిప్పి పంపండి, ఖర్చు మేం పెట్టుకుంటాం."

పంపాక వెనక్కి తిరిగితే కుర్చీ వెనకే అక్క. ఎప్పుడొచ్చిందో తలుపు తోసుకుని వచ్చి, భుజం మీంచి అంతా చదివేసింది.

"శుభ్రం చేసినందుకు ఫిర్యాదా?" అంది. "ఎక్కడైనా ఉందా ఇది?"

"ఆయనకి ఆ మరకే కావాలక్కా."

"మరక కావాలా! ఏం మనిషే బాబూ!" ఫోన్ లాక్కుని మళ్ళీ చదివింది. "నేను తోమానని రాయొచ్చుగా. తోమాము అని రాశావేం? నువ్వు తోమావా?"

"విప్పి చూడకుండా పెట్టింది నేనేగా. ఇద్దరం కట్టిన పెట్టె అది."

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. అడుగుతుందని నాకు తెలుసు. అడిగింది.

"మరి పచ్చ గుర్తు?"

"రాదు. తప్పు ఒప్పుకుంటే ఫిర్యాదు నిలబడుతుంది."

"ఆ సంగతి తెలిసే రాశావా?"

"తెలిసే."

అక్క లేచి వెళ్ళిపోయింది. మర్నాడు, ఆ మర్నాడు కూడా గది మాట ఎత్తలేదు. నేనే మెల్లగా సామాను ఒక మూలకి సర్దడం మొదలుపెట్టాను. బాధగా ఉంటుందనుకున్నాను. వింతేమిటంటే, నడుము నిటారుగా ఉన్నట్టు అనిపించింది. అద్దంలో చూసుకుంటే నా మొహం మీది గాటు, స్టూడియోలో నా ఫోటోల్లో నేనే ఎప్పుడూ తీసేసుకున్న గాటు, దాని చోట అది ఉంది. బాగానే ఉంది.

గడియారం తిరిగి వచ్చింది. పార్సిలతను దాన్ని గుమ్మంలోనే పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వెళ్ళినప్పుడూ మూగే, వచ్చినప్పుడూ మూగే! మచ్చల మేడమ్, ఇది మీ శిష్యుడెవరో కట్టినట్టుందే?"

విప్పి చూస్తే నిజమే. పెద్దాయన నేను కట్టినదంతా వరసగా గుర్తుపెట్టుకుని అలాగే తిరిగి కట్టాడు. అదే కాగితం, అవే మూలల్లో. తాళంచెవి అదే గోడకి. అద్దం మీద టేపు పీకి మళ్ళీ కొత్తది వేశాడు. రానూపోనూ అంత దూరం లారీల్లో, గోడౌన్లలో పడి వచ్చిన గడియారం మీద కొత్త గీత ఒక్కటి లేదు. అక్క లోలకం తగిలించి వేలితో ఊపింది. టిక్కుమంది. ఇద్దరం దాని ముందు నిలబడిపోయాం. అది మా పెట్టె.

"ఇంత పని ఉందా ఇందులో?" అంది అక్క, ఒక్కొక్క కాగితం మడత విప్పి చూస్తూ. "మా ట్రేలు కూడా ఇలాగే వరస తప్పకుండా సర్దేవాళ్ళం."

తర్వాత ఆ గడియారాన్నే మళ్ళీ అమ్మకానికి పెట్టాను. మొదటి ఫోటోగా మెరిసే బిళ్ళని తీస్తుంటే అక్క పట్టేసుకుంది.

"ఆగాగు. మొదటి ఫోటో లోపానిది కదా? శుభ్రత లోపమా?"

"పాతదనం పోయింది కదా."

"నా చేతి పని లోపం కింద పెడతావా? కళ్ళు నెత్తికెక్కాయే నీకు!"

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద. కింద ఏం రాయాలో ఆమే చెప్పింది, నేను రాశాను: "లోపం: లోలకాన్ని తోమేశారు. చాలా బాగా తోమారు."

మూడు రోజుల్లో ఎవరో కొత్తగా కాపురం పెట్టుకున్న జంట కొనుక్కున్నారు, బిళ్ళ మెరుపు నచ్చిందట. అక్క వారమంతా ఆ మాట చెప్పుకుంది.

ఏడాది నిండిన రోజు పచ్చ గుర్తు రాలేదు. నా పేరు పక్కన ఖాళీ. లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలైంది. అక్కకి చూపించాను.

"ఊఁ" అంది. "అయితే ఇంకో ఏడాది చూడాలన్నమాట."

"గది?"

"గది ఎక్కడికి పోతుందే? కాళ్ళున్నాయా దానికి?" అని, మూలకి సర్దిన అట్టపెట్టెల్ని తనే మధ్యకి లాగింది. "పనికి చోటుండాలి కదా."

పని అంది. నేను వినిపించుకోనట్టు టేపు చివర వెతుక్కుంటూ కూర్చున్నాను. తల ఎత్తితే మొహంలో కనపడిపోతుందని.

ఆ సాయంత్రమే గడియారాల పెద్దాయన దగ్గర్నుంచి రెండు ముక్కల ఉత్తరం వచ్చింది, ఫోన్‌కి. నమస్కారాలూ మెప్పులూ ఏమీ లేవు.

"ఇంకేమైనా గడియారాలు ఉన్నాయా? తోమనివి."

ఉంది ఒకటి. అంతకుముందు రోజే వచ్చింది, ఇంకా బల్ల మీదే ఉంది, ధూళితో, మరకలతో. పైకి చదివి వినిపించాను. అక్క బల్ల దాకా వచ్చి, గడియారం మీదికి వంగి, చాలాసేపు చూసింది. వేళ్ళు కదులుతున్నాయి. తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"ఫోటో తియ్యవే, చూస్తావేం" అంది. "వెలుతురుండగానే. మచ్చ బాగా పడాలి."