నాలో ఉన్నది ఎవరి రక్తం?

నేను ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని. నెత్తిన ఆకుపచ్చ మూత, కడుపులో రక్తం గడ్డకట్టకుండా కాస్త మందు. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే నాలోని గాలంతా లాగేశారు. ఏదో ఒకటి లోపలికి వచ్చి పడితే తప్ప స్థిమితం లేదనుకునేదాన్ని. తీరా రక్తం వచ్చాకే అసలు గాభరా మొదలైంది.

ఆ రక్తం ఇచ్చిన చెయ్యి ఐలేశ్‌ది. ములుగు దగ్గర ట్రాక్టర్ మెకానిక్. బ్లడ్ క్యాన్సర్ వస్తే, ఈ హైదరాబాదు ఆసుపత్రిలోనే నిరుడు అతని అక్క కొమురమ్మ మూలకణాలు ఎక్కించారు. ఇక అతని ఒంట్లో ఊరేదంతా అక్క రక్తమే కావాలి. అతని పాత కణాలు మళ్ళీ కనబడితే జబ్బు తిరిగొస్తున్నదేమోనని భయం. అందుకే ఈ పరీక్ష. నాది నాదని కొట్టుకు చచ్చే మనుషుల్లో, తనదేమీ మిగలకూడదని మొక్కుకునేవాణ్ణి ఇతణ్ణే చూశాను.

నర్సు నన్ను తలకిందులు చేసి మెల్లగా ఊపుతుంటే ఐలేశ్ నావైపే చూశాడు.

"అక్కా, నాదేమన్న కనబడుతదంటవా?"

"నీది ఏనాడు మిగిలిందిరా? చిన్నప్పుడు నీ బువ్వ తిని, నా పళ్లెంలది గూడ గుంజుకుంటివి."

నవ్వుతూనే అంది. కానీ కొంగు వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన షాహీన్ నాలోంచి కొంత రక్తం తీసి, ఆడ మగ క్రోమోజోముల తేడా తెలిసేలా రంగులద్ది, మర్నాడు మైక్రోస్కోపు కింద చూసింది. నా మీది చీటీ చదివింది. మళ్ళీ చూసింది. చీటీలో మగమనిషి పేరు, అద్దం కింద అన్నీ ఆడమనిషి కణాలు! శాంపిల్ మారిపోయిందనుకుని వెంటనే ఫోన్ చేసింది.

"రిపోర్టులో తేడా ఉందండీ. మళ్ళీ రక్తం ఇవ్వాలి."

ఎంత మాట! రిపోర్టు కోసం ఎదురుగా ఉన్న లాడ్జిలోనే ఆగిన ఇద్దరూ పరుగున ల్యాబ్ కిటికీ దగ్గరికొచ్చారు. ఐలేశ్ చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు.

"మళ్ళ వచ్చిందా మేడం?" కిటికీలోకి వంగి అడిగాడు.

నాకు నోరు తెరిచే వీలుంటే అరిచేదాన్ని. ఉన్న ఒక్క నోటికీ మూత బిగించారాయె.

"వచ్చిందని కాదు. పేరు మీది, రక్తమేమో మొత్తం లేడీస్‌ది. ఎక్కడో మారిపోయింది," అంది షాహీన్.

కొమురమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. "మొత్తమా?"

"మొత్తం. మగవాళ్ళ కణం ఒక్కటీ లేదు."

"అది మారలే బిడ్డా! ఆ ఆడమనిషిని నేనే!"

షాహీన్ కాగితాలు తిరగేసి, అక్క కణాలు ఎక్కించిన సంగతి చూసి నాలుక కరుచుకుంది. ఐలేశ్ అక్కడే నేలమీద కూలబడి, ఎవరున్నారని చూడకుండా ఏడ్చాడు. నాకూ ఏడవాలనిపించింది.

పని అయిపోయిందిగా, నన్ను ఆసుపత్రి చెత్త వేసే ఎర్ర సంచిలో పారేశారు. అందులోంచి కూడా అతని గొంతు వినబడుతూనే ఉంది.

"మూడు నెలలకు మళ్ళ సూస్తరంట గదక్కా. అప్పుడు?"

"సూడనీ రా. నేనేడికి వోత?"