మా కోడలి వజూ

నాకు కోపం తొందరగా వస్తుంది. దాన్ని దాచుకోవడం అసలు చేతకాదు. అలాంటిదాన్ని ఇరవై రోజులు నోరు మూసుకున్నానంటే, కొడుకు కాపురం కాబట్టే.

ఎనభై నాలుగులో మా ముర్తుజాకు పెళ్ళి చేశాం. మాచర్ల బస్టాండు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు వాడిది. పిల్ల పేరు అబిదా. వాళ్ళ నాన్న కేరళలో మలబారు మనిషి. సాగర్ డ్యాం కట్టేటప్పుడు క్రేను నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పిల్ల తెలుగు మనలాగే మాట్లాడుతుంది, పని చకచకా చేస్తుంది. నేను తెగ సంబరపడ్డాను.

నాలుగో రోజు చూశాను. సాయంత్రం మసీదులో అజాన్ వినపడగానే అబిదా వజూ చేసుకుంది. అంటే నమాజుకని చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కుంది. ఇంతలో ముర్తుజా వచ్చి నవ్వుతూ చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల గబుక్కున లాక్కుని, మళ్ళీ తొట్టి దగ్గరకు పోయి మోచేతుల దాకా కడుక్కుంది. మర్నాడూ అంతే. గ్లాసు అందుకుంటూ వాడి వేళ్ళు తగిలినా అంతే. మా ఇంట్లో మొగుడి చెయ్యి తగిలిందని కడుక్కున్న ఆడది లేదు.

గ్రీజు చేతులు కదా, అందుకేమోనని వాడికి సబ్బు కొనిపెట్టాను. తెల్లగా తోముకొచ్చినా పిల్ల కడుక్కోవడం మానలేదు.

ఒకరోజు వాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. “అమ్మా, నేనంటే ఆ పిల్లకి రోత. రేపు వాళ్ళ నాన్న దగ్గర దింపొస్తా” అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటెతోనే కోడలి దగ్గరకు పోయాను.

“ఏమే, నా కొడుక్కేమన్నా గజ్జుందా? వాడు ముట్టుకుంటే ఆ కడుక్కోవడమేంది?”

అబిదా బిత్తరపోయింది. “అయ్యో అత్తమ్మా! మొగుడి ఒళ్ళు తగిలితే వజూ పోద్ది గదా. మళ్ళా చేసుకోవాల గదా. మీరు చేసుకోరా?”

“మేమెందుకు చేసుకుంటామే?”

“మా అమ్మ చేసుకుంటది. అందరూ అంతేననుకున్నా.”

ముగ్గురం అప్పటికప్పుడు ఇమాం సాబ్ ఇంటికి పోయాం. ముసలాయన అంతా విని పడీపడీ నవ్వాడు.

“జమీలమ్మా, మీరు హనఫీలు, పిల్ల వాళ్ళు షాఫయీలు. ఇద్దరు పాతకాలపు పెద్ద పండితుల పేర్లతో వచ్చిన రెండు పద్ధతులు. అబూ హనీఫా ఇమాం ఇరాక్‌లో కూఫాలో ఉండేవారు. ఆలుమగల చేతులు తగిలినంత మాత్రాన వజూ పోదన్నారు. ఆయన పోయిన ఏడే షాఫయీ ఇమాం పుట్టారు. మదీనాలో మాలిక్ ఇమాం దగ్గర చదివి, తర్వాత బాగ్దాదులో అబూ హనీఫా శిష్యుడి దగ్గరా చదివారు. అదే ఖురాన్ చదివి, తగిలితే పోద్దన్నారు. ఆయన మాట ఓడలెక్కి మలబారుకొచ్చింది. మన పద్ధతి ఉత్తరాన్నుంచి వచ్చింది.”

“ఇద్దర్లో ఎవరిది రైటు?” అన్నాను.

“రెండూ రైటే. శిష్యుడి శిష్యుడు వేరే మాట చెబితే గురువు మీద గౌరవం పోయినట్టా? పిల్లని దాని పద్ధతిలో చేసుకోనియ్యి.”

“అయితే నేనంటే రోత కాదా?” అని ముర్తుజా అందరి ముందే అడిగాడు, సిగ్గులేనోడు. అబిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పటి నుంచి ఆమె నమాజు అయ్యేదాకా వాడు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. నాకు ఒకటే నవ్వు.

నెల తిరక్కముందే ఒక సాయంత్రం వాడు వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. జాకీ జారి బొటనవేలు నలిగిందట. అబిదా అప్పుడే వజూ చేసుకుని లేచింది, ముఖం ఇంకా తడిగానే ఉంది. వాడు దూరంగా ఆగిపోయాడు.

“ముందు నమాజు చేసుకో పో” అన్నాడు.

అబిదా పోలేదు. వాడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, గుడ్డ విప్పి, కొత్తగా కట్టు కట్టింది. కట్టడం అయిపోయినా వదల్లేదు. నాకు కడుపు నిండిపోయింది. తర్వాత లేచి తొట్టి దగ్గరకు పోయి మళ్ళీ కూర్చుంది.

ఆ పూట నీళ్ళు నేనే పోశాను.