వేపమండ కట్టిన గుమ్మం

పలకరింపులకు రానివ్వని ఇల్లు మైపాడులో ఇల్లే కాదు. బిడ్డకు ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, వీధి వీధంతా కదిలొచ్చి మంచం చుట్టూ కూర్చుంటుంది. అలాంటి ఊళ్ళో వనజాక్షి తన నాలుగేళ్ళ కూతురు కామాక్షిని ఎవరి కంటా పడకుండా దాచుకోవాల్సి వచ్చింది.

పిల్లకు రక్తంలో క్యాన్సర్. మందులెక్కించి ఇంటికి పంపుతూ డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఒంట్లో తట్టుకునే బలం లేదు, ఎదుటివాళ్ళ జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది, ఎవరినీ రానివ్వద్దు. జ్వరం తగిలితే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా నెల్లూరు తీసుకురావాలి.

వనజాక్షి గుమ్మంలో నిలబడి ఆ మాటే చెప్పి చూసింది. జనానికి డాక్టరు మాట చెవికెక్కితే ఇంకేం! తనకు పురుడు పోసిన ఎదురింటి అంకాలమ్మత్తే, మేమేమన్నా రోగిష్టోళ్ళమా అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చినవాళ్ళలో ఒకామె దగ్గుతూనే పిల్ల బుగ్గ పుణికింది. ఆ సాయంత్రమే వనజాక్షి గుమ్మానికి వేపమండ కట్టేసింది. అమ్మవారు పోసిన ఇంటి గడప తొక్కేంత తెగువ ఎవరికుంది?

అంతటితో అలికిడి ఆగిపోయింది. మొగుడు పెంచల్ వేటకు పోతే రోజుల తరబడి సముద్రం మీదే. జుట్టు రాలిపోయిన పిల్ల తల నిమురుతూ, మాట్లాడే మనిషి లేక, వనజాక్షి పొయ్యి మీది గిన్నెతో కూడా మాట్లాడేది. అంకాలమ్మ ఎదురరుగు మీద వల బాగుచేసుకుంటూ కూర్చునేది, ఇటు తలెత్తేది కాదు. వనజాక్షికి ఏడుపొచ్చేది. తన చేత్తో తను కట్టుకున్న మండ, ఎవరిననగలదు? ఒకటి వాడిపోతే ఇంకొకటి కట్టేది.

ఒక పొద్దున పిల్ల ఒళ్ళు కాలిపోయింది. ఫోను చేస్తే ఆటో ఓబయ్య వచ్చాడు గానీ, గుమ్మం చూసి దూరంగానే ఆగిపోయాడు.

"అమ్మోరుండే బిడ్డను కదిలించకూడదు వదినా. ఈ ఆటోలో బడి పిల్లకాయలు ఎక్కతారు," అన్నాడు.

అమ్మవారు కాదని వనజాక్షి ఎంత చెప్పినా నమ్మలేదు. మండ పెరికి పారేసినా నమ్మలేదు. తనాడిన అబద్ధమే కాళ్ళకు అడ్డం పడింది. భుజం మీద పిల్ల మూలుగుతోంది. ఓబయ్య బండి తిప్పబోయాడు.

అప్పుడు అంకాలమ్మ అరుగు దిగింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధి మధ్యలో నిలబడింది.

"అమ్మోరుండే ఇంట్లో పూటపూటా తిరగబాత ఎవురేస్తార్రా? ఆవాల వాసనకి మొదటి రోజే తెలిసిపొయ్యింది నాకు. ఎక్కించుకో."

అమ్మవారున్నన్నాళ్ళు ఇంట్లో పోపు పెట్టరు. పోపు లేని చారు పిల్ల ముట్టదు. ఈ రెండూ ఎరిగిన వనజాక్షికి ఇన్నాళ్ళూ ఆ సంగతి తట్టనే లేదు.

తెలిసీ ఎందుకు అడగలేదని ఆటో ఎక్కుతూ అడిగింది.

"అమ్మోరు కాదని నువ్వే చెప్తావని చూసినా. చెప్పలేదు. వచ్చేవోళ్ళను నేనే తిప్పి పంపించినా," అంది అంకాలమ్మ.

పక్కన ఖాళీ ఉంది. రా అత్తా అని నోటిదాకా వచ్చింది. పిలవకూడదు. అంకాలమ్మ కూడా ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు.

ఆటో కదిలాక వనజాక్షి వెనక్కి చూసింది. అంకాలమ్మ నేల మీది మండను ఏరి, దుమ్ము దులిపి, మళ్ళీ గుమ్మానికి కడుతోంది.