కేకను గుర్తుపెట్టుకున్న టెలిస్కోపు

“తువ్వాలెక్కడ పెట్టావ్?” అని నిన్న సాయంత్రం మా ఆయన కింద స్నానాల గదిలోంచి వేసిన కేక నా టెలిస్కోపుకు గుర్తుండిపోయింది. నవ్వులాటకు అనడం లేదు. ఇప్పుడే కటకంలో చూశాను. అందులో కనిపించే ఎర్ర ప్లస్ గుర్తు మధ్యలో బుద్ధిగా కూర్చున్న నక్షత్రం, సరిగ్గా ఆ కేక పడిన చోటికి రాగానే ఎవరో జబ్బ పట్టి లాగినట్టు పక్కకు గెంతింది.

నేను కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేస్తాను. ఇది అక్కడి అటక మీద పడి ఉండేది. నక్షత్రం నిలవదు, పాత ఇనుముకు వేసేయండి అన్నారు మా హెడ్డు గారు. బాగుచేస్తానంటే, మీకెందుకమ్మా ఆ తిప్పలు, వచ్చినవాళ్ళకు టీ సంగతి చూడండి అన్నారు. చూశాను. టీ అందించిన చేత్తోనే ఆయనతో సంతకం పెట్టించుకుని ఇంటికి తెచ్చి మేడ మీద పెట్టుకున్నాను.

దాని జబ్బు చిన్నదే. నక్షత్రం వెంట దాన్ని నడిపించే మోటారులో మరలాంటి ఇరుసు ఒకటుంది. ఎనిమిది నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. చెక్కడంలోనే వెంట్రుకవాసి వంకర ఉండటంతో ప్రతి చుట్టులోనూ ఒకే చోట వెనకబడుతుంది, ఒకే చోట తొందరపడుతుంది. వంకర తీయలేం కానీ నేర్పొచ్చు. ఒక చుట్టంతా, నక్షత్రం జరిగినప్పుడల్లా నేను రిమోటు మీట నొక్కి మధ్యకు తెస్తే, నా వేలు ఎప్పుడు ఎటు నొక్కిందో గుర్తుపెట్టుకుని ఆపైన తనంతట తనే దిద్దుకుంటుంది. కావలసిందల్లా ఎవరూ పిలవని ఎనిమిది నిమిషాలు.

మా ఇంట్లో అవి దొరక్క ఎన్ని సాయంత్రాలు పోయాయో! ఒకరోజు అత్తయ్య మంచినీళ్ళడిగారు, సీసా ఆవిడ చేతికందేంత దూరంలోనే ఉంది. ఒకరోజు గ్యాస్ కట్టేశావా అన్నారు. నిన్న తువ్వాలు. అది ఎప్పుడూ ఉండే కొక్కేనికే ఉంది. తల తిప్పి, తలుపు వెనకాలండీ అని నేను అరిచే లోపల వేలు ఎటు నొక్కిందో నాకే తెలియదు. దానికి తెలుసు. పిచ్చిది, అదీ పాఠమే అనుకుని చుట్టుచుట్టుకూ ఒప్పజెబుతోంది.

ముందు ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్ళు ఝల్లుమంది. పైన ఊరికే కూర్చున్నావుగా, ఒక్క మాట అడిగితే ఏం పోయింది అంటారాయన ఎప్పుడూ. ఇప్పుడు ఎంత పోయిందో కళ్ళతో చూస్తున్నాను!

ఆయన్ని పైకి పిలిచి చూపించాను. వంగి చూశారు. నక్షత్రం గెంతింది.

“అదేంటి?”

“మీ తువ్వాలు.”

అర్థమయ్యేలా చెప్పాను. దీనికి కూడా నేనే దొరికానా అని నవ్వేసి, మెట్లు దిగుతూ, పొయ్యి మీద పాలున్నట్టున్నాయి చూసుకో అన్నారు.

“మీరే దించండి,” అన్నాను.

అంత మెల్లగా అనగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన దిగగానే మేడ తలుపుకు ఇటు నుంచి గడియ వేశాను. పాత పాఠం చెరిపేసి కొత్త చుట్టు మొదలుపెట్టాను.

కుడి మీట, ఎడమ మీట, మళ్ళీ ఎడమ. ఏమోయ్ అని కింద నుంచి పిలుపు. వేలు దారి తప్పలేదు. మెట్ల మీద అడుగులు, తలుపు మీద చప్పుడు. దీనికేమైందిరా అని కింద అత్తయ్య గొంతు. నక్షత్రం జారబోయింది, పట్టుకొచ్చాను. పాలు మాడిన వాసన వచ్చింది. మాడనీ అనుకున్నాను. అంతలో చుట్టు పూర్తయిందని రిమోటు కూత పెట్టింది.

మీట మీంచి వేలు తీసేశాను. ఇరుసు తన వంకర దగ్గరికి వచ్చింది. నక్షత్రం కదల్లేదు. నేనేమీ చేయకుండానే కదల్లేదు! చిన్నపిల్లలా పైకే నవ్వేశాను.

మళ్ళీ తలుపు తట్టారు.

“అయిపోయిందా?” అన్నారాయన, ఈసారి కాస్త మెత్తగా.

అయిపోయింది. ఇక దానికి నా చేతులతో పని లేదు. లేచి గడియ తీయొచ్చు.

“ఇంకా లేదండీ,” అన్నాను, కటకం మీంచి కన్ను తీయకుండా.