మడిచీర

డెబ్భై మూడు వేసవి. నార్సింగిలో ఆ కిరాయి ఇంటి చుట్టూ బండల మీద ఎండ మగతగా పరుచుకుంది. సుబ్బలక్ష్మి వంటింటి గుమ్మంలో చేరగిలబడి, కళ్లు సగం మూసుకుని, కాకినాడ నుంచి వచ్చిన తల్లి కనకలక్ష్మికి తన ప్రయోగశాల ఎలుకల సంగతి చెబుతోంది.

"అన్నీ ఒకే జాతివమ్మా, పుట్టుకలో తేడా లేదు. తల్లి నాకి సాకినవి ధైర్యంగా పెరిగాయి. మిగతావి ఆకు కదిలినా వణుకుతాయి. ఆ స్పర్శే మెదడులో ఏవో తాళాలు తీస్తుందని నా అనుమానం."

మడిచీరలో పప్పు ఎనుపుతున్న కనకలక్ష్మి చేతిలో పప్పుగుత్తి ఆగింది.

సుబ్బలక్ష్మి కళ్ల ముందు చిన్నప్పటి వంటిల్లు తేలింది. జ్వరంతో తూలుతూ వచ్చిన తను, కుంపటి దగ్గర అమ్మ. "ముట్టుకోకు, మడి!" అప్పుడూ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇప్పటికీ ఉరిమితే గుండె దడే.

"తెరుచుకోని తాళాలు పెద్దయ్యాక తెరుచుకుంటాయిటే?"

"తెలీదమ్మా. ఇంకా ఎవరూ చూడలేదు."

కనకలక్ష్మి గిన్నె దించింది. గుమ్మంలోకొచ్చి కూర్చుని, కూతురి తలను ఒళ్లోకి లాక్కుంది.

"అమ్మా, మడి!"

"నోర్మూసుకోవే. మడి మళ్లీ కట్టుకోవచ్చు."