పెద్ద ప్రెస్సు మీది చిన్నోడు

శాంతాబాయికి మీసాలొచ్చినవాడైనా పిల్లగాడే, బట్టతల వచ్చినవాడైనా పిల్లగాడే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో భూషణం రేకుల షెడ్డు వేసిన నాటినుంచీ తయారైన క్లాంపులు ఏరి సంచుల్లో నింపే పని ఆమెది. అరవై దాటింది. షెడ్డులో ఉన్న మిగతా పదకొండు మందినీ "మా పిల్లలు" అనే అంటుంది. ఆ మాటని ఎవరూ పట్టించుకున్నది లేదు. ఆ మంగళవారం పదకొండు గంటలదాకా భూషణమూ పట్టించుకోలేదు.

ఆ రోజు భూషణానికి కాలు ఒకచోట నిలవడం లేదు. స్తంభాల మీద కరెంటు తీగను బిగించిపెట్టే క్లాంపులు పన్నెండేళ్లుగా చేస్తున్నాడు. ఇన్నేళ్లూ వాటిని మధ్యలో ఇంకొకరు తీసుకెళ్లి కరెంటు కంపెనీకి ఇచ్చేవారు. ఇప్పుడు తానే నేరుగా ఇస్తానని దరఖాస్తు పెట్టాడు. సరుకు పరీక్షలో నెగ్గింది. మిగిలింది ఒక్క తనిఖీ. సప్లయర్లు పాటించవలసిన నియమాలంటూ కంపెనీ పద్దెనిమిది పేజీల పుస్తకం పంపింది. ఆ నియమాల ప్రకారం షెడ్డు నడుస్తోందో లేదో చూడటానికి ఒక మేడం వస్తుంది.

ఊళ్లో ఏడో తరగతి దాకా చదివినవాడు భూషణం. వేలు పెట్టి ఒక్కో లైనూ రెండేసిసార్లు చదివాడు. లంచం ఇవ్వకూడదు, ఎవరిచేతా బలవంతంగా పని చేయించకూడదు, పిల్లల్ని పనిలో పెట్టకూడదు, పనిచేసే ప్రతి మనిషికీ చట్టప్రకారం దక్కవలసినవి దక్కాలి. ఇందులో మనం తప్పినది ఏముందని ధైర్యం తెచ్చుకున్నాడు. షెడ్డు కడిగించాడు. ఇనుము వంచే ప్రెస్సు మిషన్లకు నూనె పూయించాడు. అందరినీ నిలబెట్టి ఒకటే చెప్పాడు.

"మేడం ఏమడిగినా నిజమే చెప్పున్రి. జరంత గూడ అటూ ఇటూ జేయొద్దు."

త్రిపురసుందరి అనే ఆ మేడం పదింటికే వచ్చింది. మాటను బట్టి కోస్తా వైపు మనిషి. చేతిలో ట్యాబు. షెడ్డంతా తిరిగి చూసి, మంచినీళ్ల కుండ మూత తీసి చూసి, నిప్పార్పే సిలిండరు మీది తేదీ చదివి తలాడించింది. తలాడించినప్పుడల్లా భూషణం మనసులో ఒక మెట్టెక్కాడు. చివరికి పనివాళ్లతో విడిగా మాట్లాడాలి, ఓనరు దగ్గర ఉండకూడదు అంది. భూషణం బయటికొచ్చి రేకు గోడ పక్కన నిలబడ్డాడు. ప్రెస్సులు ఆపి ఉన్నాయి. వినకూడదని ఉన్నా మాటలు వినబడుతూనే ఉన్నాయి. మొదటి పిలుపు శాంతాబాయికే.

"అమ్మా, ఇక్కడ పిల్లలెవరైనా పనిచేస్తారా?"

"పిల్లలే గద బిడ్డా చేసేది! నేనొక్కదాన్నే ముసల్దాన్ని."

భూషణం రేకు గోడకు చెవి ఆనించాడు.

"ఎంతమంది?"

"పదకొండు మంది. బంగారమసొంటి పిల్లలు."

"అందరికన్నా చిన్నవాడు ఎవరు?"

"చిన్నోడా? గా పెద్ద ప్రెస్సు మీద జేస్తడు. గింతంతే ఉంటడు, స్టూలేసుకొని ఎక్కుతడు పాపం. ఇయ్యాల జర బయటికి పోయిండు, ఇంకా రాలే."

మేడం గొంతు బాగా తగ్గింది.

"బడికి వెళ్తాడా?"

"ఒక్క పూట గూడ తప్పడు. పొద్దుగాల బడికి పోయి, గంట గొట్టినంక గట్లనే పనికొస్తడు."

భూషణం నిబంధన మరిచి తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు. "మేడం, చిన్నోడు చిన్నోడు గాదు!"

"మీరు లోపలికి రాకూడదండీ."

"ఆయనకు ముప్పై నాలుగేండ్లు మేడం! బడికి పొయ్యేది ఆయన బిడ్డ. ఆయన దింపి వస్తడంతే!"

శాంతాబాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నేను గదే జెప్పిన గద. దింపనికే పోతడు. ఇంత పెద్దోడు చదువుతడా?"

త్రిపురసుందరి నవ్వలేదు. "ఆయన వయసు కాగితం చూపించండి."

భూషణం ఫైలు తిరగేశాడు. పదకొండు ఆధార్ కాపీలున్నాయి. పన్నెండోది లేదు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టినా పదకొండే. ఫోను చేశాడు. పెద్ద ప్రెస్సు పక్కన చార్జింగుకు పెట్టిన చిన్నోడి ఫోను అక్కడే మోగింది.

"పన్నెండున్నరకు నేను చర్లపల్లి బయల్దేరాలి," అంది మేడం. "ఈలోగా మనిషినైనా చూపించండి, కాగితమైనా చూపించండి. పిల్లల పని దగ్గర ఎర్ర గుర్తు పడిందంటే మూడేళ్లదాకా మీరు మళ్లీ దరఖాస్తు పెట్టలేరు. పంపేశాక నేను కూడా వెనక్కి తీసుకోలేను."

టైము పదకొండు నలభై. చిన్నోడు ఎక్కడున్నాడో భూషణానికి తెలుసు. పొద్దున తానే పంపాడు, మేడం వస్తున్నది, గడ్డం గీకించుకొని మంచిగ రాపో అని. చిన్నోడు ఉప్పల్లో తాను ఎప్పుడూ పోయే సెలూన్లో తప్ప ఇంకోచోట తల వంచడు.

భూషణం స్కూటీ చిలుకానగర్ సందుల్లో పడింది. ఒక కూరగాయల బండి అడ్డం, ఒక పెళ్లి టెంటు అడ్డం. సందు దాటి మెయిన్ రోడ్డెక్కితే మెట్రో పిల్లర్ల కింద బస్సుల వరస. రింగురోడ్డు దగ్గర ఫ్లైఓవర్ పనులకు రోడ్డు సగం తవ్వేశారు. హెల్మెట్ లోపల చెమట కళ్లలోకి దిగుతోంది. "జరుగన్నా, జర జరుగు!" అంటూ భూషణం ఆటోల మధ్యనుంచి దూరాడు. ఆటో అతనొకడు, "ఏంది మామా, పెండ్లికూతురు లేచిపోయిందా?" అన్నాడు.

సెలూన్ అద్దంలో చిన్నోడు కనబడ్డాడు. కుర్చీ మీద అడ్డంగా చిన్నపిల్లల కోసం వేసే చెక్క వేయించుకుని, దాని మీద కూర్చున్నాడు. గడ్డం నున్నగా ఉంది. కత్తి మీసం మీద ఉంది.

"ఆపు!" అని గుమ్మంలోనే అరిచాడు భూషణం.

అప్పటికే ఎడమవైపు మీసం పోయింది.

"మీసమెందుకు తీయిస్తున్నవ్ రా?"

"నువ్వే గదనే మంచిగ తయారై రమ్మన్నవ్," అన్నాడు చిన్నోడు తలతిప్పకుండా. "మీసం లేకుంటే వయసు తక్కువ కనవడ్తదంట."

"ఇయ్యాల్నే దొరికిందా నీకు వయసు తగ్గనీకె! లెవ్వు, లెవ్వు!"

"ఇంకో పక్క జర తీసేస్త అన్నా, నిమిషం," అన్నాడు సెలూనతను.

"ముట్టకు! ఉన్న సగమే మాకు దిక్కు."

దారిపొడుగునా చిన్నోడు మూతి మీద చెయ్యి పెట్టుకుని వెనక కూర్చున్నాడు. సంగతంతా విన్నాక నవ్వు ఆపుకోలేక ఒకసారి స్కూటీయే ఊగింది. "నేను బడి పిల్లగాడినా!" అన్నాడు. భూషణానికి కూడా నవ్వొచ్చింది గాని పన్నెండు ఇరవై అయ్యేసరికి మింగేశాడు.

షెడ్డు ముందు దిగేసరికి మేడం ట్యాబు సంచిలో పెట్టుకుంటోంది. ఎదురుగా వచ్చి నిలబడిన మనిషి ఆమె భుజం దాకా కూడా రాలేదు. సగం మీసం. చెంపల మీద ఎండిన నురగ. ఆమె పెదవులు బిగబట్టి ఆకాశం వైపు చూసింది.

"మీ వయసెంతండీ?"

"ముప్పై నాలుగు మేడం. నా బిడ్డ ఏడో తరగతి. గీ సగం మీసం ఇప్పుడే పోయింది, లేకుంటే మస్తుగుండె."

చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆధార్ చేతికిచ్చాడు. ఆమె పుట్టిన తేదీ చూసి, ట్యాబు తీసి ఒక గుర్తు మార్చింది. షెడ్డు గుమ్మంలో మూగిన వాళ్లంతా ఒక్కసారి ఈలలు వేశారు. భూషణానికి నేల మీద నిలబడ్డట్టు లేదు.

"ఒక్క నిమిషం," అంది ఆమె. "ఇందులో పేరు లక్ష్మీకాంత్ అని ఉంది. మీ హాజరు పుస్తకంలో ఈ పేరు లేదే?"

ఈలలు ఆగాయి. భూషణం పుస్తకం తెచ్చి తెరిచాడు. అన్ని పేజీల్లోనూ ఆయన గడిలో ఒకటే రాసి ఉంది, చిన్నోడు. తన చేతిరాతే.

"ఈఎస్‌ఐ బీమాలో కూడా లేడు. పదకొండు మందికే కార్డులున్నాయి. రేపు ఆ ప్రెస్సులో ఈయన చెయ్యి పడితే ఏ పేరు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్తారు?"

ఈఎస్‌ఐ దవాఖాన ఈ నాచారంలోనే ఉంది. రోజూ దాని ముందునుంచే షెడ్డుకు వస్తాడు భూషణం.

"ఎప్పటినుంచి పనిచేస్తున్నారు?" అని ఆమె చిన్నోడినే అడిగింది.

చిన్నోడు ఒక్క క్షణం భూషణం మొహం చూశాడు. "నిన్ననే జేరిన మేడం," అన్నాడు. "అందుకే అన్న ఇంకా ఎక్కియ్యలే."

శాంతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటను అలాగే ఉండనిస్తే పని అయిపోతుంది. ఆమె వేలు ట్యాబులోని గడి మీదే ఉంది. ఈ పొట్టి మనిషి భూషణం కోసం ఇక్కడ చేసిన పదకొండేళ్లనూ ఒక్క మాటతో చెరిపేసుకున్నాడు.

"అబద్ధం మేడం," అన్నాడు భూషణం. "పదకొండేండ్ల సంది చేస్తున్నడు. ఆయన ఎన్నడు అడగలే, నేను ఎన్నడు పట్టించుకోలే. తప్పు నాది."

"అన్నా!" అన్నాడు చిన్నోడు.

"నువ్వూకో."

త్రిపురసుందరి ఇద్దరినీ చూసి, నింపాదిగా ఏదో రాసింది. "ఎరుపు పెట్టట్లేదు. పసుపు పెడుతున్నాను. ముప్పై రోజులు టైము. పదకొండేళ్ల సంగతి ఈఎస్‌ఐ ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పి సరిచేసుకోండి. కార్డు చేతికొచ్చాక మళ్లీ వస్తాను. అది సరిగ్గా ఉంటే మిగతావన్నీ బాగున్నాయి."

"అంటే... ఆర్డరు వస్తదా మేడం? మాకు వస్తదా?"

"కార్డు తెప్పించండి, వస్తుంది."

కారు మలుపు తిరిగిందో లేదో షెడ్డు దద్దరిల్లింది. ఒకడు రేకు మీద సుత్తితో దరువేశాడు. శాంతాబాయి కొంగుతో చిన్నోడి చెంపల మీది నురగ తుడిచి, "నా మూలాన్నే గద ఇంత లొల్లి," అంది. "నీ మూలాన్నే నా పేరు బయటవడ్డది పెద్దమ్మా," అన్నాడు వాడు.

భూషణం హాజరు పుస్తకం బల్ల మీద పరిచి పెన్ను తీశాడు. రాయబోయి ఆగాడు. "ఇంటిపేరేంది రా?"

"కొండమడుగు."

పదకొండేళ్లు ఒక్క డబ్బాలో అన్నం తిన్న మనిషి ఇంటిపేరు ఇవాళ వింటున్నాడు. పెన్ను వాడి చేతికే ఇచ్చాడు. "నువ్వే రాయి. తప్పు పోవద్దు."

కొండమడుగు లక్ష్మీకాంత్ స్టూలు లాక్కుని ఎక్కి, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరమూ దిద్దాడు. పేరు గడి దాటి పక్క గడిలోకి పోయింది, అక్కడా చాలక ఇంకో గడిలోకి పోయింది.

"మనిషి గింతున్నడు, పేరు సూడు గంత పొడుగు!" అంది శాంతాబాయి.

"పోనీ పెద్దమ్మా, పోనీ," అన్నాడు భూషణం. "ఎంత దూరం పోతదో పోనియ్యి."